నలుగురిలో లేచి మాట్లాడాలంటే భయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే గుంటూరులో పది పన్నెండు మందిమి ఒక స్కూల్ గదిలో చేరి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం లేచి మాట్లాడటం ప్రాక్టీస్ చేస్తుంటాం, మొదలుపెట్టి ఆరేళ్ళయింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అవే డౌట్లు అడుగుతున్నారు, వాట్సాప్‌లో కూడా అవే, టైప్ చేసీ చేసీ విసుగొచ్చి అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టేశా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన దాని దగ్గరికి వెళ్ళిపోండి. నేను ట్రైనర్‌ని కాదు, బ్యాంకు ఉద్యోగిని, ఒకప్పుడు మైక్ కనపడితే బాత్రూం వెతుక్కున్న బాపతు.

## మొదలుపెట్టకముందు

నాకు చిన్నప్పట్నుంచీ సిగ్గు, నావల్ల అవుతుందా అసలు?

అవుతుంది. గాంధీగారి సంగతే చూడండి. 1891లో లండన్ నుంచి బారిస్టర్ అయి వచ్చిన కొత్తలో బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు, అవతలి సాక్షుల్ని ప్రశ్నలడగాలి. లేచారు, తల తిరిగిపోయింది, అడగటానికి ఒక్క ప్రశ్న తట్టలేదు, కూర్చుండిపోయారు. తీసుకున్న 30 రూపాయల ఫీజు వెనక్కిచ్చేసి వేరే లాయర్ని పెట్టుకోమన్నారు. ఇదంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. తర్వాత మాత్రం ఆయనేమన్నా గర్జించే వక్త అయ్యారా, లేదు, చివరిదాకా మెల్లగా చిన్న గొంతుతోనే మాట్లాడారు, జనం వేలల్లో కూర్చుని విన్నారు. ఇంకో మాట, సిగ్గున్నవాళ్ళు భయంకొద్దీ ముందు ప్రిపేరై వస్తారు. మా గ్రూప్‌లో బోరు కొట్టేది ఎప్పుడూ వాగుడుకాయలే.

గుండె దడ, చేతులు చల్లబడటం, నోరు ఎండిపోవటం.. నాకే ఎందుకిలా?

మీకే కాదు. వీధికుక్క వెంటపడితే ఒంట్లో ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. అడ్రినలిన్ వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కాళ్ళలోని పెద్ద కండరాలకి పోతుంది కాబట్టి వేళ్ళు చల్లబడతాయి, లాలాజలం తగ్గి నాలుక అంగిలికి అంటుకుపోతుంది. పరిగెత్తటానికి ఒళ్ళు రెడీ అయింది, మీరేమో మైక్ ముందు నిలబడ్డారు, అంతే తేడా. గాలి పీల్చటం కంటే వదలటం ఎక్కువసేపు చేయండి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలటం, అలా ఐదారుసార్లు, కొంచెం దిగుతుంది.

అసలు విషయం ఏంటంటే మీ లోపల జరిగేదాంట్లో చాలావరకు బయటికి కనపడదు. అమెరికాలో సావిట్‌స్కీ, గిలోవిచ్ అని ఇద్దరు సైకాలజిస్టులు 2003లో దీని మీద ప్రయోగాలు చేశారు. "మీ కంగారు మీరనుకున్నంతగా ఎదుటివాళ్ళకి తెలీదు" అని ముందే చెప్పి పంపిస్తే, ఆ ముక్క విన్నవాళ్ళు విననివాళ్ళకంటే బాగా మాట్లాడారట. మా గ్రూప్‌లో కూడా కొత్తవాళ్ళు కూర్చోగానే "నా కాళ్ళు ఎలా వణికాయో చూశారా" అంటారు, మేం మొహమొహాలు చూసుకుంటాం, ఎవరం చూసుంటేగా.

ఈ భయం ఎన్నాళ్ళకి పోతుంది?

పూర్తిగా పోదు. పోతుందని ఎవరన్నా ఫీజు తీసుకుంటుంటే జాగ్రత్త. నాకు ఇప్పటికీ పేరు పిలిచే ముందు కడుపులో తిప్పుతుంది, కాకపోతే ఇదివరకు స్పీచ్ మొత్తం ఉండేది ఇప్పుడు మొదటి నిమిషంలో దిగిపోతోంది. సుమారు పదిహేనోసారి మాట్లాడాక ఆ తేడా తెలిసింది నాకు. కొందరికి ఐదుసార్లకే, కొందరికి ముప్పై. ఏళ్ళు లెక్కపెట్టొద్దు, ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి.

అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తే సరిపోతుందా?

నేనైతే వద్దంటా. అద్దం ముందు నిలబడితే క్రాఫ్ చూసుకుంటాం, మొటిమ చూసుకుంటాం, ధ్యాసంతా మన మీదే, స్టేజ్ మీద మనల్ని ముంచేది కూడా అదే. దానికంటే ఫోన్ ఏదన్నా డబ్బాకి ఆనించి వీడియో పెట్టి మాట్లాడండి. తర్వాత ఇంట్లో అమ్మకో నాయనమ్మకో చెప్పండి, తర్వాత ఇద్దరు ఫ్రెండ్స్‌కి. వినేవాళ్ళ మొహం ఎదురుగా ఉండాలి, వాళ్ళు ఆవులించినా సరే.

టోస్ట్‌మాస్టర్స్ అంటారు కదా, అందులో చేరాలా? డబ్బులు పెట్టి కోర్సు తీసుకోవాలా?

టోస్ట్‌మాస్టర్స్ అంటే నలుగురిలో మాట్లాడటం ప్రాక్టీస్ చేసే క్లబ్బులు. వాటిని 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా క్లబ్బులున్నాయి, హైదరాబాద్‌లో కూడా. సభ్యత్వానికి ఫీజు ఉంటుంది, గెస్ట్‌గా వెళ్ళి చూడటానికి మామూలుగా ఏమీ తీసుకోరు. అక్కడ మీ మొదటి స్పీచ్ మీ గురించి మీరే, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. టైం చూసేవాళ్ళు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చూపిస్తారు, "ఆ.. ఊ.." లు లెక్కపెట్టటానికి ఒకరు, అప్పటికప్పుడు టాపిక్ ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే రౌండ్ ఒకటి.

పద్ధతి నచ్చి మేం దాన్నే మా తీరులో చేసుకుంటున్నాం. మీ ఊళ్ళో క్లబ్ లేకపోతే నలుగురు చాలు, ఒక గది, ఒక ఫోన్ టైమర్. వారానికి ఒక్కొక్కరు మూడు నిమిషాలు. మాట్లాడాక ఒకరే ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి, అందరూ మీద పడి సలహాలిస్తే వచ్చే వారం ఆ మనిషి రాడు. ఇది మేం ముగ్గుర్ని పోగొట్టుకున్నాక నేర్చుకున్నాం. కోర్సుల సంగతంటారా, ప్రతి క్లాసులో మిమ్మల్ని లేపి మాట్లాడిస్తే చేరండి, సారే రెండు గంటలు మాట్లాడితే ఆయనకే ప్రాక్టీస్.

## ప్రిపరేషన్

స్పీచ్ మొత్తం బట్టీ పట్టాలా, పేపర్ చూసి చదవాలా?

రెండూ వద్దు. నా కథ చెప్తా. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైర్మెంట్ ఫంక్షన్, నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు, నేను మూడు పేజీలు రాసుకెళ్ళా, ఎ4 కాగితాలు. చేయి వణికింది కొంచెమే కానీ ఆ కాగితం చివర టపటపా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు మైక్‌లో హాలంతా వినపడుతోంది. "సార్ గురించి చెప్పాలంటే" అన్నా, రెండో లైను కనపడలేదు, మళ్ళీ "సార్ గురించి చెప్పాలంటే" అన్నా, మూడోసారి కూడా అనేసి నమస్కారం పెట్టి దిగిపోయా. కిందికొచ్చాక ఆ సారే సమోసా ప్లేటు నా చేతిలో పెట్టి "ఏం చెప్పాలో తెలీనంత మంచోణ్ణన్నమాట" అని నవ్వేశారు.

అప్పట్నుంచి నా పద్ధతి ఒక్కటే. శుభలేఖ అట్టలాంటి మందపు అట్ట అరచేతిలో పట్టేంత కత్తిరించి, దాని మీద ఐదారు మాటలు పెద్ద అక్షరాలతో రాసుకుంటా. అట్ట వణికినా కనపడదు, చప్పుడు రాదు. మొదటి రెండు వాక్యాలూ ఆఖరి వాక్యం మాత్రం నోటికి రావాలి, అవి మాత్రమే బట్టీ. మధ్యలోది మీకు తెలిసిన విషయమే కాబట్టి ఇంట్లో చెప్పినట్టు చెప్తారు. మొత్తం బట్టీ పడితే రైలు డబ్బాల్లాగా ఒకదానికొకటి తగిలించి ఉంటుంది, ఒక మాట ఊడితే వెనకవన్నీ ఆగిపోతాయి.

నా ఇంగ్లీష్ వీక్, తెలుగులో మాట్లాడొచ్చా?

వినేవాళ్ళు తెలుగువాళ్ళైతే తెలుగులోనే మాట్లాడండి, ఇందులో నామోషీ ఏముంది. సర్వర్‌ని సర్వర్ అనే అనండి, లోన్‌ని లోన్ అనే అనండి, ఎవరూ కేసు పెట్టరు. క్లయింట్ కాలో, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూనో అయితే ఇంగ్లీష్ తప్పదు కదా, అప్పుడు పొడుగు వాక్యాలు జోలికి పోకండి. చాలామంది తెలుగులో పొడుగ్గా ఆలోచించి దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చబోయి మధ్యలో ఇరుక్కుంటారు. ఆరేడు మాటల వాక్యం, ఫుల్‌స్టాప్, ఇంకో వాక్యం. మీ పనికి సంబంధించిన ఒక ఇరవై వాక్యాలు ముందే నోటికి అలవాటు చేసుకుంటే సగం గట్టెక్కినట్టే.

నిజానికి నాకు కనపడే పెద్ద సమస్య ఇంగ్లీష్ కాదు, మైక్ తెలుగు. టీ కొట్టు దగ్గర బ్రహ్మాండంగా మాట్లాడే మనిషి మైక్ పట్టుకోగానే "విచ్చేసినటువంటి పెద్దలకు, అదేవిధంగా ఇక్కడున్నటువంటి మిత్రులకు తెలియజేసుకుంటూ" అని మొదలెడతాడు. "అటువంటి" రోగం ఇది, రోజూ వాడని భాష కాబట్టి ప్రతి మాటా వెతుక్కోవాల్సి వస్తుంది, భయం డబుల్ అవుతుంది. టీ కొట్టు తెలుగే స్టేజ్ మీద కూడా మాట్లాడండి.

నా యాస విని నవ్వుతారేమో?

మా గ్రూప్‌లో శ్రీకాకుళం అబ్బాయి ఒకడున్నాడు, మొదట్లో యాస దాచుకుని టీవీ యాంకర్‌లా మాట్లాడేవాడు, ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఒకరోజు వాళ్ళమ్మ మాటలు వాళ్ళమ్మ యాసలోనే చెప్పాడు, గదంతా నవ్వింది, ఇంకో నిమిషానికి కళ్ళు తుడుచుకుంది. తెలంగాణ అయినా సీమ అయినా కోస్తా అయినా యాస మార్చుకోవద్దు, స్పీడ్ తగ్గించుకుంటే చాలు, ప్రతి మాటా ఆఖరిదాకా వినపడాలి.

ఐదు నిమిషాలు ఇస్తే ఎంత ప్రిపేర్ అవ్వాలి?

నాలుగు నిమిషాలకి. స్టేజ్ మీద నవ్వులో, దగ్గులో, కరెంటు పోవటమో ఏదో ఒకటి ఆ నిమిషం తినేస్తుంది. నిమిషానికి ఇన్ని మాటలని నెట్‌లో ఉండే లెక్క ఇంగ్లీష్‌ది, తెలుగు మాటలు పొడుగు కాబట్టి అది మనకి పనికిరాదు. ఫోన్ టైమర్ పెట్టుకుని పైకి చదివి మీ లెక్క మీరే తేల్చుకోండి. టైం కంటే ముందు ముగించినవాణ్ణి ఇంతవరకు ఎవరూ తిట్టలేదు.

"సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టకపోతే తప్పా?

ఆఫీస్ ఫంక్షన్లలో, రాజకీయ సభల్లో పేర్లు చెప్పకపోతే అలుగుతారు, అది మన దగ్గర ఉన్నదే. చెప్పాల్సి వస్తే పేర్లు అట్ట మీద రాసుకోండి, ఒక పేరు మర్చిపోవటం కంటే అసలు ఏ పేరూ చెప్పకపోవటం నయం. మిగతా చోట్ల "వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా ఉన్న మీకు నమస్కారం" అని ఒక్క ఊపిరిలో తేల్చేసి నేరుగా విషయంలోకి దిగండి.

దిగటం అంటే ఎలాగో చెప్తా. మా గ్రూప్‌కొచ్చే ఒక గృహిణి వాళ్ళ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నీళ్ళ ట్యాంకర్ల గురించి మాట్లాడాలి. మొదట "మన అపార్ట్‌మెంట్‌లో నీటి సమస్య చాలా తీవ్రంగా ఉంది" అని రాసుకొచ్చారు. ఇది ఎప్పుడు మీకు కోపం తెప్పించిందండీ అని అడిగితే ఒక సంగతి చెప్పారు, అదే మొదటి వాక్యం చేశాం: "మొన్న మంగళవారం పొద్దున ఏడింటికి మా ఆయన ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాక నీళ్ళాగిపోయాయి." మీటింగ్‌లో అందరూ నవ్వారట, మూడో ఫ్లోర్ ఆయన "మా ఇంట్లో కూడా" అని లేచారట, ఇంక ఆవిడకి భయపడే టైమే దొరకలేదు.

## ఆ రోజు

ముందు రాత్రి నిద్ర పట్టట్లేదు, పొద్దున తేలిపోతానేమో?

ఒక్క రాత్రి నిద్ర లేకపోతే ఏమీ కాదు, అడ్రినలిన్ నడిపిస్తుంది. అర్ధరాత్రి లేచి స్పీచ్ మార్చకండి, అదొక్కటే ప్రమాదం.

స్టేజ్ ఎక్కేముందు ఏం చేయాలి?

అరగంట ముందు వెళ్ళి, హాలు ఖాళీగా ఉన్నప్పుడు స్టేజ్ ఎక్కి అక్కడ్నుంచి కుర్చీల్ని ఒకసారి చూడండి. మైక్ అబ్బాయితో రెండు మాటలు మాట్లాడండి. ముందు వరసలో ఇద్దరిని పలకరించండి, తర్వాత పైనుంచి చూస్తే అందరూ కొత్తవాళ్ళలా అనిపించరు. గోరువెచ్చటి నీళ్ళు మంచివి, కడుపు నిండా భోజనం, మూడో కాఫీ వద్దు.

"కంగారు పడకు, కూల్‌గా ఉండు" అని మీకు మీరు చెప్పుకోవటం పెద్దగా పనిచేయదు, గుండె ఆ మాట వినదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, స్పీచ్ ముందు "నేను ప్రశాంతంగా ఉన్నా" అనుకున్నవాళ్ళ కంటే "నేను ఉత్సాహంగా ఉన్నా" అనుకున్నవాళ్ళు బాగా మాట్లాడారు. దడ రెండిట్లోనూ అదే కదా, పేరు మార్చి పిలవటమే. పెళ్ళిచూపుల ముందు కొట్టుకున్న గుండె కూడా ఇదే.

ఏదో మాత్ర వేసుకుంటే వణుకు ఆగుతుందట, నిజమేనా?

ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ల గురించి అడుగుతున్నారనుకుంటా. గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తాయి, నిజమే, కానీ ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం, బీపీ తక్కువ ఉన్నవాళ్ళకీ కొన్ని గుండె సమస్యలున్నవాళ్ళకీ కూడా. ఫ్రెండ్ ఇచ్చాడనో మెడికల్ షాపువాడు ఇచ్చాడనో వేసుకోకండి, డాక్టర్‌ని అడగండి. ఇంక "ఒక పెగ్గు వేసుకుంటే ధైర్యం వస్తుంది" అనేవాళ్ళకి, వస్తుంది, దాంతోపాటు వీడియో కూడా వస్తుంది.

మైక్ ఎలా పట్టుకోవాలి?

చేతి మైక్ అయితే గడ్డం దగ్గర, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, తల తిప్పితే మైక్ కూడా తిరగాలి. పైన జాలీని గుప్పిట్లో మూయకండి. సౌండ్ బాక్స్‌కి ఎదురుగా వెళ్తే కూ మంటుంది, రెండడుగులు వెనక్కి రండి, మీ తప్పేం లేదు. మైక్ మీద వేలితో కొట్టటం, ఫూ అని ఊదటం వద్దు, "నమస్కారం" అంటే పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

## మాట్లాడేటప్పుడు

మధ్యలో మర్చిపోతే?

ఆగండి. అట్ట చూడండి. నీళ్ళు తాగండి. మీకు అది పది నిమిషాల్లా ఉంటుంది, కిందున్నవాళ్ళకి నాలుగు సెకన్లు. అయినా గుర్తు రాకపోతే ఆఖర్న చెప్పిన వాక్యాన్నే ఇంకోలా మళ్ళీ చెప్పండి, చాలాసార్లు దాని వెనకే తర్వాతిది వచ్చేస్తుంది. రాకపోతే దాన్ని వదిలేసి తర్వాతి పాయింట్‌కి వెళ్ళిపోండి, మీ స్పీచ్‌లో ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలీదు కాబట్టి ఏం ఎగిరిపోయిందో కూడా తెలీదు. "సారీ, మర్చిపోయాను, టెన్షన్‌లో ఉన్నాను" అని మాత్రం అనొద్దు, అప్పటిదాకా గమనించనివాళ్ళు కూడా అప్పుడు గమనిస్తారు.

జనం కళ్ళల్లోకి చూడలేకపోతున్నా, వెనక గోడ చూడొచ్చా?

గోడని చూస్తే గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. ప్రతి సభలో తలూపే పెద్దావిడ ఒకరుంటారు, నిజంగా ఉంటారు, వెతకండి. ఎడమవైపు ఒకరు, మధ్యలో ఒకరు, కుడివైపు ఒకరు అలా ముగ్గుర్ని పట్టుకోండి. ఒక వాక్యం మొత్తం ఒకరికే చెప్పి తర్వాత ఇంకొకరికి. చేతులు కట్టుకుని మొహం మాడ్చుకున్న ఆయన జోలికి మొదటి నిమిషంలో పోవద్దు, ఆయనకి పంటి నొప్పేమో మనకేం తెలుసు.

"అంటే.. అంటే.. ఏంటంటే.." అనేది ఎలా ఆపాలి?

మన దగ్గర ఇది రకరకాలు. పెద్దవాళ్ళకి "అన్నమాట", కుర్రాళ్ళకి "యాక్చువల్‌గా", "బేసికల్‌గా", అందరికీ "అంటే". మా గ్రూప్‌లో ఒకరు స్టీల్ గ్లాసు, చెంచా పట్టుకుని కూర్చుంటారు, ఊరికే వాడిన ప్రతి "అంటే"కి టంగ్ మని కొడతారు. నా మొదటి రోజు మూడు నిమిషాల్లో 41 టంగులు. ఆపటానికి కిటుకు ఒకటే, ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు నోరు మూసుకోవటం. ఆ ఖాళీ మీకు భయంగా ఉంటుంది, వినేవాళ్ళకి మాత్రం ఆలోచించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒకేసారి అన్నీ మానలేరు, వారానికి ఒక మాట పట్టుకోండి.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

జేబులో తాళాలు, చిల్లర ఉంటే ముందు తీసి బ్యాగులో పెట్టండి. ఒక చేతిలో అట్ట, రెండోది దాని పని అది చేసుకుంటుంది.

ఎవరూ వినట్లేదు, ఫోన్లు చూసుకుంటున్నారు, ఏం చేయను?

భోజనాల ముందు ఆఖరి స్పీకర్ మీరైతే సగానికి సగం కోసేయండి, జనం దండం పెడతారు. మామూలప్పుడైతే గొంతు పెంచకుండా ఒక్కసారి ఆపండి, మాట ఆగగానే తలలు లేస్తాయి. లేచినప్పుడు సిద్ధాంతం చెప్పకుండా ఎవరికో జరిగిన సంగతి చెప్పండి.

ఎవరన్నా అడ్డదిడ్డం ప్రశ్న వేసి ఇరికిస్తే?

మనవాళ్ళు దీనికి ఏకంగా ఒక కళే కనిపెట్టారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు ఉంటారు, అందులో అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్ళ పనే అవధాని ధ్యాస చెడగొట్టటం, పద్యం కడుతుంటే మధ్యలో సంబంధం లేని ప్రశ్న వేస్తారు. అవధాని కోప్పడరు, గొడవపడరు, ఒక్క మాటలో చమత్కారంగా జవాబిచ్చి పద్యం ఎక్కడ ఆపారో అక్కడికొచ్చేస్తారు. అంత చమత్కారం మనకి రాదు కానీ పద్ధతి పట్టుకోవచ్చు. ప్రశ్నని హాలందరికీ వినపడేలా మీ మాటల్లో ఒకసారి చెప్పండి, ఆలోచించుకోవటానికి ఐదు సెకన్లు దొరుకుతాయి. రెండు వాక్యాల్లో జవాబు, మళ్ళీ మీ విషయంలోకి. తెలీకపోతే "తెలీదండీ, కనుక్కుని చెప్తా" అనండి, అని నిజంగా కనుక్కుని చెప్పండి.

జూమ్ మీటింగ్‌లో అయితే?

ఒక రకంగా కష్టం, మొహాలు కనపడవు. మీ వీడియో మీకు కనపడకుండా దాచే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టేసుకోండి, కెమెరా పక్కన మీకిష్టమైన వాళ్ళ ఫొటో అంటించి దానికే చెప్పండి. పాయింట్లు గోడ మీద రాసుకున్నా ఎవరికీ తెలీదు.

## దిగి వచ్చాక

బాగా మాట్లాడలేదని రాత్రంతా అదే తలుచుకుంటున్నా.

అందరం చేస్తాం. ఆ రాత్రి వీడియో చూడొద్దు, రెండ్రోజులాగి చూడండి. చూసేటప్పుడు ఒక పేపర్ మీద బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి రాయండి, రెండోది ఒక్కటే, పది రాస్తే ఒక్కటీ మారదు.

రికార్డింగ్‌లో నా గొంతు నాకే అసహ్యంగా ఉంది.

మన గొంతు మనకి చెవుల్లోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా వినపడుతుంది, అందుకే లోపల గంభీరంగా ఉంటుంది. రికార్డింగ్‌లో ఆ ఎముకల వాటా ఉండదు. మీ ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా వింటున్నది ఆ రికార్డింగ్ గొంతే, వాళ్ళకేం ఇబ్బంది లేదు.

అవకాశాలే రావట్లేదు, ఎక్కడ మాట్లాడను?

స్టేజ్ కోసం చూడకండి. ఆఫీస్ మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగండి. వినాయక చవితి పందిట్లో ప్రసాదం స్పాన్సర్ల పేర్లు చదివే మైక్ మీరు తీసుకోండి, ఎవరూ పోటీకి రారు. పుట్టినరోజు కేక్ దగ్గర రెండు ముక్కలు, పేరెంట్స్ మీటింగ్‌లో ఒక మాట. నేనైతే మా కాలనీ లైబ్రరీ వార్షికోత్సవంలో వందన సమర్పణతో మొదలుపెట్టా, అప్పటికి సగం మంది వెళ్ళిపోయి ఉంటారు, మొదటిసారికి అంతకంటే మంచి సభ దొరకదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికెళ్ళాలి?

స్టేజ్ భయం అందరికీ ఉంటుంది. కానీ షాపులో సరుకు అడగటానికి, ఫోనెత్తటానికి, నలుగురిలో భోజనం చేయటానికి కూడా భయపడుతూ, దానివల్ల కాలేజీ మానేసే దాకానో ఉద్యోగం వదులుకునే దాకానో నెలల తరబడి వస్తే అది సోషల్ యాంగ్జైటీ అయ్యుండొచ్చు. దానికి సీబీటీ అనే మాటల వైద్యం, అవసరమైతే మందులు, బాగా పనిచేస్తాయి. ప్రభుత్వం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు, ఏ టైంలో అయినా. "ధైర్యం తెచ్చుకో" అనే బంధువులకంటే ముందు అక్కడికి చేయండి.

మా బాబుకి స్కూల్లో స్పీచ్ అంటే ఏడుపు, ఎలా అలవాటు చేయాలి?

ముందు ఇంటికొచ్చినవాళ్ళ ముందు "అంకుల్‌కి రైమ్ చెప్పు నాన్నా" అనటం మానేయండి, అది వాడికి పరీక్ష, మనకి గొప్ప. భోజనాల దగ్గర "ఇవ్వాళ స్కూల్లో ఎవరు తిట్లు తిన్నారు" అని అడగండి, పూసగుచ్చినట్టు చెప్తాడు, అది స్పీచే. మధ్యలో తప్పులు దిద్దకండి.

మా పాప రెండో క్లాసులో ఉన్నప్పుడు కర్టెన్ వెనక దాక్కుని చెప్తానంది, సరే అన్నాం, కర్టెన్ కింద రెండు పాదాలు మాత్రం కనపడేవి. నాలుగైదు రోజులకి మొహం సగం బయటికొచ్చింది. ఎప్పుడు పూర్తిగా బయటికొచ్చిందో నాకే గుర్తులేదు. మొన్న ఆగస్టు 15కి స్కూల్లో పేపర్ లేకుండా చెప్పింది, మధ్యలో అల్లూరి గురించిన లైను ఎగిరిపోయింది, ఒక్క క్షణం ఆగి నా వైపు చూసి తర్వాతి లైన్‌కి వెళ్ళిపోయింది. పక్కన కూర్చున్నావిడ చప్పట్లు కొడుతూనే ఉంది.